గుడ్డు లేకపోతే పెరుగు

మా హాస్టల్ నైట్ క్యాంటీన్‌లో ఒక మైక్రోవేవ్ ఉంది. చల్లారిపోయిన ఎగ్ పఫ్‌ని వేడిచేసి మెత్తబరచడం దాని ఉద్యోగం. పోయిన ఫిబ్రవరి ఇంటర్నల్స్ టైమ్‌లో ఒక రాత్రి పదకొండున్నరకి అందులోంచి చిటపటమని నీలం మెరుపులొచ్చాయి. కారకుణ్ణి నేనే. ఆ సంగతి మా బ్లాక్‌లో అందరికీ తెలుసు, ఇప్పటికీ కొందరు నన్ను 'ట్రాన్స్‌ఫార్మర్' అనే పిలుస్తారు. అందులో ఏం పెట్టానో, ఎందుకు పెట్టానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మా అక్క బర్మింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. అంతకుముందు సెప్టెంబర్‌లో వెళ్లింది. ఆదివారం రాత్రి వీడియో కాల్. అమ్మ మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "ఏం తిన్నావే?" అక్క ఒక కప్పు కెమెరా ముందు పెట్టి, "పుడ్డింగ్ చేసుకున్నానమ్మా, వేడివేడిగా" అనేది. పొగలు కూడా కనపడేవి. మా అమ్మ మర్నాడు పొద్దున్నే వీధిలో నలుగురికీ చెప్పొచ్చేది, మా పిల్ల అక్కడ కేకులు చేసుకు తింటోంది అని. ఇక్కడ మెస్‌లో సొరకాయ సాంబారు తింటున్న నాకు కుళ్ళు పుట్టకుండా ఎలా ఉంటుంది? నాకూ నేర్పు అన్నాను.

ఇంతకీ ఏంటిది? బ్రిటిష్ వాళ్ళ స్పాంజ్ పుడ్డింగ్. వెన్న, పంచదార, గుడ్డు, మైదా కలిపిన పిండిని గిన్నెలో పోస్తారు. గిన్నె అడుగున ముందే గోల్డెన్ సిరప్ వేసి ఉంచుతారు. అది తేనెలా కనిపించే చెరకు పంచదార పాకం. పైన కాగితం కట్టి గంటన్నర, రెండు గంటలు ఆవిరి మీద ఉడికిస్తారు. తర్వాత పళ్ళెంలోకి బోర్లిస్తే పాకం పైనుంచి కిందికి కారుతుంది. దాని మీద వేడి కస్టర్డ్. నేనిదంతా ఫోన్‌లో చెబితే మా నాయనమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది, "ఆవిరి కుడుమేగా!"

ఆ రెండు గంటల పనిని మైక్రోవేవ్ రెండు నిమిషాల్లో చేస్తుంది. అక్క రెసిపీ వాయిస్ మెసేజ్‌లో పంపింది. "రాసుకోరా. మైదా నాలుగు చెంచాలు, పంచదార మూడు, పావు చెంచా బేకింగ్ పౌడర్, కరిగించిన వెన్న రెండు, గుడ్డు ఒకటి, పాలు రెండు. కప్పు సగానికి మించొద్దు, పొంగుతుంది." అక్కడితో ఆగలేదు. "గుడ్డు లేకపోతే రెండు చెంచాల పెరుగు, చిటికెడు వంట సోడా. వెన్న లేకపోతే నూనె. పాలు లేకపోతే నీళ్ళు, పెద్ద తేడా తెలీదు. సిరప్ లేకపోతే జామ్. జామ్ కూడా లేకపోతే అడుగున పంచదార వేసి రెండు చెంచాల వేడినీళ్ళు పొయ్. అదే పాకం."

నేను రాసుకున్నాను. ఎంత బాగా డాక్యుమెంట్ చేసిందిరా అనుకున్నాను కూడా. మా ప్రాజెక్ట్ కోడ్‌కి ఇంత ఎర్రర్ హ్యాండ్లింగ్ లేదు.

మొదటి ప్రయత్నం మెరుపుల పాలైంది. హాస్టల్‌లో అందరి దగ్గరా ఉండేవి స్టీలు గ్లాసులే. స్టీలు పెట్టకూడదని తెలుసు కాబట్టి తెలివిగా మా రూమ్మేటుకి ఫెస్ట్‌లో ప్రైజుగా వచ్చిన పింగాణీ కప్పు తీసుకున్నాను. దాని అంచుకి బంగారు గీత ఉంది. ఆ గీత కూడా లోహమే అని నా తెలివికి తట్టలేదు. సన్నటి లోహపు పొర మీద కరెంటు పోగై గాలిలోకి దూకింది. క్యాంటీన్ అన్న పరిగెత్తుకొచ్చి ప్లగ్ పీకేసి, "తమ్ముడూ, నువ్వు ఏ బ్రాంచ్?" అన్నాడు. ఈసీఈ అని చెప్పడానికి నోరు రాలేదు. మెకానికల్ అన్నాను. మెకానికల్ సోదరులు క్షమించాలి.

రెండోసారి గీత లేని కప్పు. మూడు నిమిషాలు పెట్టాను. ఎరేజర్ తయారైంది. మా రూమ్మేటు దాన్ని నేలకేసి కొట్టి, "మావా, దీంతో స్పిన్ వెయ్యొచ్చు" అన్నాడు. మైక్రోవేవ్ లోపలి నుంచి బయటికి ఉడికిస్తుంది అనుకుంటాం కానీ అది నిజం కాదు. ఆ తరంగాలు పిండిలోకి కొన్ని సెంటీమీటర్లు దిగి ముఖ్యంగా నీటిని వేడి చేస్తాయి. ఆ నీరంతా ఆవిరైపోతే మిగిలేది రబ్బరే. ఇంకోటి, 2.45 గిగాహెర్ట్జ్ అంటే తరంగదైర్ఘ్యం సుమారు 12 సెంటీమీటర్లు. పెట్టెలో స్టాండింగ్ వేవ్స్ ఏర్పడి కొన్ని చోట్ల బాగా వేడి, కొన్ని చోట్ల అసలు వేడి ఉండదు. అందుకే లోపల పళ్ళెం తిరుగుతుంది. మా క్యాంటీన్‌ది తిరగదు. ఎప్పుడో ఆగిపోయిందట. కాబట్టి ప్రతి 30 సెకన్లకీ ఆపి, కప్పుని నేనే తిప్పాను. మొత్తం నిమిషం నలభై సెకన్లు. పైన ఇంకా కాస్త తడిగా ఉండగానే తీసి, ఒక నిమిషం వదిలేస్తే మిగతాది దాని వేడికి అదే ఉడుకుతుంది.

మూడోది కుదిరింది. గోల్డెన్ సిరప్ బదులు బెల్లం పాకం. కేకుకి ఉండే గోధుమరంగు రాలేదు, తెల్లగానే ఉంది, ఎందుకంటే పైభాగం 100 డిగ్రీలు దాటదు. కానీ బోర్లించగానే పాకం కారింది చూశారూ, ఇద్దరం మాటల్లేకుండా తిన్నాం. పాతిక రూపాయలు కూడా అవలేదు.

అక్కడ ఆపేసి ఉంటే బావుండేది. కానీ మనకి ఒక జబ్బు ఉంటుంది కదా, అన్ని టెస్ట్ కేసులూ రన్ చెయ్యాలి. రోజుకొకటి చొప్పున అక్క చెప్పిన 'లేకపోతే'లన్నీ చేశాను. పెరుగుది కాస్త పుల్లగా, మెత్తగా వచ్చింది. నాకు అదే నచ్చింది. నూనెది పర్వాలేదు. చివరి రోజు అన్నీ 'లేకపోతే'లే కలిపాను. గుడ్డు లేదు, పెరుగు లేదు, వెన్న లేదు, పాలు లేవు. మైదా, పంచదార, బేకింగ్ పౌడర్, కాస్త నూనె, నీళ్ళు. అడుగున పంచదార నీళ్ళు.

తిన్నాను. తీపి తప్ప ఇంకేం లేదు. పన్నెండున్నరకి తింటే ఒంటిగంటన్నరకి మళ్ళీ ఆకలేసింది. మంచం మీద పడుకుని ఉంటే అప్పుడు వెలిగింది. పాలకి బదులు నీళ్ళు పోస్తే తేడా తెలీదని ఎవరికి తెలుస్తుంది? పోసి తిన్నవాళ్ళకి. జామ్ కూడా లేకపోతే అన్న వాక్యం ఎవరూ సరదాకి కనిపెట్టరు. నేను డాక్యుమెంటేషన్ అనుకున్నది ఒక్కో వారం ఒక్కో వస్తువు అయిపోయిన లెక్క.

ఆ రాత్రే మెసేజ్ పెట్టాను. "నీళ్ళూ పంచదార వెర్షన్ నువ్వు ఎప్పుడు చేశావు?"

బ్లూ టిక్స్ పడ్డాయి. పది నిమిషాలకి ఫోన్ చేసింది.

"నవంబర్‌లో," అంది.

ఇంటి అద్దె, డిపాజిట్ కట్టాక తీసుకెళ్ళిన డబ్బు దాదాపు అయిపోయింది. స్టూడెంట్ వీసా మీద క్లాసులున్నప్పుడు వారానికి 20 గంటలే పని చెయ్యొచ్చు. ఆ 20 గంటల పని కూడా డిసెంబర్ దాకా దొరకలేదు. మైదా, పంచదార అక్కడ చవక. రాత్రి తొమ్మిదికి అందరి వంటలూ అయ్యాక కిచెన్‌లోకి వెళ్ళి కప్పులో కలుపుకుని రెండు నిమిషాల్లో రూమ్‌కి వచ్చేసేదట. ఎవరూ "ఇదేనా నీ డిన్నర్?" అని అడగకుండా.

"నాన్నకి చెప్పొచ్చుగా?"

"చెబితే ఏం చేస్తాడు? మళ్ళీ వడ్డీకి తెస్తాడు. ఎకరంన్నర ఆల్రెడీ తాకట్టులో ఉంది. తెలీదా నీకు?"

తెలుసు. ఆ కాగితాల మీద సాక్షి సంతకం మా బాబాయి పెడుతుంటే పక్కనే ఉన్నాను.

"అమ్మకి అబద్ధం చెప్పావుగా."

"అబద్ధమేం కాదు. పుడ్డింగ్ తిన్నానన్నాను, తిన్నాను. ఇప్పుడు బానే ఉందిలేరా, పని దొరికింది, గుడ్లు డజన్ కొంటున్నా." కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తర్వాత టాపిక్ మార్చడానికి కాబోలు, ఒక కథ మొదలుపెట్టింది. వాళ్ళ ఊళ్ళోనే ఆల్ఫ్రెడ్ బర్డ్ అని ఒకాయన ఉండేవాడట. ఆయన భార్యకి గుడ్డు పడదు. ఆవిడ కోసం 1837లో గుడ్డు లేకుండా కస్టర్డ్ పౌడర్ తయారుచేశాడు. ఆవిడకి ఈస్ట్ కూడా పడదని 1843లో బేకింగ్ పౌడర్ చేశాడు. ఆ కంపెనీ పాత ఫ్యాక్టరీ ఇంకా డిగ్బెత్ అనే పేటలో ఉందట. ఇప్పుడు అందులో షాపులు, స్టూడియోలు. అక్క పనికి వెళ్ళేది ఆ దారినే. "గుడ్డు లేకపోతే ఎలా అని నాకంటే ముందే ఒకడు ఆలోచించాడురా," అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఫోన్ పెట్టేసి ఏడుస్తుందని తెలుసు.

ఇది రాస్తానంటే, "పేరు మాత్రం వెయ్యకు" అంది. వెయ్యలేదు. అమ్మ ఈ-మేగజైన్లు చదవదు.

ఆ ఉగాదికి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ పట్టుబట్టింది, అక్క చేసుకునేది నాకూ చేసిపెట్టు అని. మా ఇంట్లో మైక్రోవేవ్ లేదు. గిన్నెకి నెయ్యి రాసి, అడుగున బెల్లం పాకం పోసి, ఇడ్లీ కుక్కర్‌లో విజిల్ తీసేసి నలభై నిమిషాలు పెట్టాను. రెండు గుడ్లు వేశాను. వెన్న కూడా నాలుగు చెంచాలు ఎక్కువే వేశాను.

అమ్మ ఒక ముక్క తిని, ఇంకోటి పెట్టించుకుంది.

"బావుందిరా. ఇన్ని గుడ్లూ వెన్నా వేసుకుంటుందా అది?"

"వేసుకుంటుందమ్మా."

"రోజూనా?"

"రోజూ ఎందుకు తింటుంది? ఎప్పుడైనా, సరదాకి."

అమ్మ నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత పళ్ళెం పట్టుకుని లేచి వెళ్ళింది. నాయనమ్మ మాత్రం గిన్నె దగ్గరికి లాక్కుని, అడుగున అంటుకున్న పాకం వేలితో తీసుకుంటూ, "చెప్పానా లేదా, ఆవిరి కుడుమే ఇది," అంది.