పంటి గాటు చిన్నదే, కానీ...

సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్‌లో పొద్దున్నే కుక్కను నడకకు తీసుకెళ్లేవాళ్లకు ఏ మలుపులో ఏ వీధికుక్కల గుంపు కాపు కాస్తుందో తెలుసు. అక్కడి పశువైద్యుడికి ఆ మలుపులన్నీ గాయాలను బట్టి తెలుస్తాయి. చికెన్ దుకాణం పక్కన జరిగిన కొట్లాటల గాయాలు ఎక్కువగా ఆదివారం వస్తాయి. పిల్లలు పెట్టిన ఆడకుక్క ఉన్న సందులోవైతే చలికాలంలో వస్తాయి. కార్తీకంలో జతకట్టిన కుక్కలు రెండు నెలలకు, అంటే సంక్రాంతి రోజుల్లో ఈనుతాయి. ఆ తల్లి దగ్గరికి మరో కుక్క వెళ్తే ఊరుకోదు.

ఓసారి ఓ ఇంటాయన తన పామరేనియన్‌ను తువ్వాల్లో చుట్టుకుని తెచ్చాడు. "ఏం గాలే సార్, జర పన్ను గుచ్చుకుంది, గంతే" అన్నాడు. మెడ దగ్గర రెండు చిన్న చిల్లులు, రక్తం కూడా పెద్దగా లేదు. డాక్టరు బొచ్చు గొరిగి చూస్తే చర్మం కింద వేలు దూరేంత ఖాళీ. కుక్క చర్మం వదులు చొక్కాలా ఉంటుంది. పెద్ద కుక్క నోట కరిచి విదిలిస్తే చర్మం సాగి తట్టుకుంటుంది, లోపలి కండ మాత్రం నలిగి చిరుగుతుంది. అదే ఛాతీ మీదైతే పక్కటెముకలు విరగొచ్చు, ఊపిరితిత్తి దెబ్బతినొచ్చు. అందుకే ఈ డాక్టరు బొచ్చు తీయకుండా మందు రాయరు. ఊపిరి తీరు, చిగుళ్ల రంగు చూడకుండా ఇంటికి పంపరు.

కుట్లు అయ్యాక డాక్టరు కళ్లు యజమాని చేతి మీద పడ్డాయి. వేళ్లకు కర్చీఫ్ చుట్టి ఉంది.

"అది మన కుక్క పన్నే సార్, సూదులన్నీ ఏయించినం."

ఆ మాట ఈ డాక్టరును అన్నిటికన్నా భయపెడుతుంది. రెండు కుక్కలు కలబడ్డప్పుడు మధ్యలో పెట్టిన చేతికి ఎవరి పన్ను దిగిందో ఎవరూ చెప్పలేరు. విడదీయబోయిన యజమానిని సొంత కుక్కే కరవడం మామూలే, నిజమే. కానీ దాని మెడ మీద వీధికుక్క చొంగ ఉంటుంది, ఆ చొంగ తుడిచే చేతికి గీత ఉన్నా ప్రమాదమే. రేబిస్ లక్షణాలు బయటపడితే బతికి బట్టకట్టినవాళ్లు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. టీకా సకాలంలో పడితే ఆ చావు తప్పుతుంది.

ఇంత తేలిగ్గా తప్పించగల చావును జనం ఎందుకు దగ్గరికి రానిస్తారు? బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల భయం ఇంకా పోలేదు. ఆ టీకా మన దేశంలో ఆగిపోయి రెండు దశాబ్దాలైంది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే తొలిరోజే గాయం లోపల, చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇస్తారు. కారం, సున్నం, ఆకు పసరు పెట్టొద్దు. సబ్బుతో, కుళాయి ధార కింద 15 నిమిషాలు కడగాలి. ఆ రోజు డాక్టరు దగ్గరుండి యజమాని చెయ్యి కడిగించి, టీకా కోసం నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కు పంపారు. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికైనా వెళ్లొచ్చు.

2023 ఫిబ్రవరి 19న అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపిన దృశ్యం జంట నగరాలు మర్చిపోలేదు. హైకోర్టు దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. అప్పటినుంచి నడకకు వచ్చేవాళ్ల చేతుల్లో కర్రలు కనిపిస్తున్నాయి. కర్ర ఉండటం మంచిదే, కొట్టడానికి కాదు, మీ కుక్కకూ ఎదుటి కుక్కకూ మధ్య అడ్డం పెట్టడానికి. గొడుగైనా సరే. గుంపు కనిపించగానే పరుగెత్తొద్దు, అరవొద్దు. మీ కుక్కను వెనక్కి తీసుకుని, గుంపుకు వీపు చూపించకుండా మెల్లగా వచ్చిన దారినే మళ్లండి. బిస్కెట్లు నేల మీద చల్లితే కాస్త సమయం దొరుకుతుంది. సాగే తాడు వాడొద్దు, అవసరమైన క్షణంలో కుక్క మీ చేతికి అందదు. కలబడితే నీళ్లు చల్లండి, మందపాటి గుడ్డ విసరండి. మెడపట్టీ దగ్గరికి చెయ్యి పోనివ్వొద్దు. చెప్పినంత సులువు కాదని డాక్టరుకూ తెలుసు. ప్రేమగా పెంచుకున్నది అరుస్తుంటే చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది.

కుక్కల్ని పట్టుకెళ్లి ఎక్కడో వదిలేయాలనే మాటను ఆయన ఒప్పుకోరు. ఖాళీ అయిన వీధిలోకి చెత్తకుప్ప వాసనకు టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమంటున్నాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేబిస్ ఉన్నవాటిని, ఆ అనుమానం ఉన్నవాటిని, దాడిచేసే స్వభావం ఉన్నవాటిని మాత్రం వదలొద్దంది.

ఆపరేషన్ అయిన కుక్కకు చెవి కొసన గాటు ఉంటుంది. అది లేని కుక్కలు మీ సందులో ఉంటే జీహెచ్‌ఎంసీకి చెప్పండి. మీ కుక్కకు ఏటా వేయించే రేబిస్ టీకా తేదీ దాటిందేమో ఈ రోజే కార్డు తీసి చూడండి.