పెన్నా మట్టం నుంచి కంప్యూటర్ అంకె దాకా

పెన్నా నది నీటిమట్టం పెరిగినా తగ్గినా మధ్యలో ఎక్కడా తెగదు. అలా ఎడతెగకుండా మారే పరిమాణాన్ని విద్యుత్తుగా మారిస్తే వచ్చేదే అనలాగ్ సంకేతం. ఇంట్లోని కంప్యూటర్‌కు అంకెలే తెలుసు. కాబట్టి ముందు నీటిమట్టం వోల్టేజీ కావాలి, తర్వాత వోల్టేజీ అంకె కావాలి.

ఈ పని అవసరం పెన్నా ఒడ్డునున్న నెల్లూరు జిల్లా సంగంలో బాగా అర్థమవుతుంది. బ్రిటిష్ కాలపు ఆనకట్ట ఉన్న ఈ చోట కట్టిన మేకపాటి గౌతమ్‌రెడ్డి బ్యారేజీ 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైంది. ఇక్కడ నిలిచే మట్టాన్ని బట్టే కాలువలకు నీరు అందుతుంది. బ్యారేజీ మీద నడుస్తూ నీటిని చూసినప్పుడు నాకు తోచిన ప్రశ్న ఒకటే: హైస్కూలు విద్యార్థి ఈ మట్టాన్ని తన ల్యాప్‌టాప్‌లో గీతగా చూడగలడా? తప్పకుండా చూడగలడు.

నీటి అడుగున ఉంచే పీడన సెన్సర్, తన మీదున్న నీటి ఒత్తిడిని కొలుస్తుంది. మీటరు లోతుకు అది సుమారు 9.8 కిలోపాస్కళ్లు. పరిశ్రమల్లో వాడే రకం 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల కరెంటు ఇస్తుంది. దాన్ని 250 ఓమ్‌ల రెసిస్టర్ గుండా పంపితే 1 నుంచి 5 వోల్టులు వస్తాయి. నీరు లేకపోయినా 1 వోల్టు ఉండటం ఎంతో తెలివైన ఏర్పాటు. ఏరు ఎండితే 1 వోల్టు, తీగ తెగితే సున్నా. ఈ తేడా తెలియని పరికరాన్ని నమ్మలేం.

ఆ వోల్టేజీని అంకెగా మార్చేది ఏడీసీ (అనలాగ్-టు-డిజిటల్ కన్వర్టర్). ఆర్డ్యునో ఉనో బోర్డులోని 10 బిట్ల ఏడీసీ 5 వోల్టులను 1024 మెట్లుగా విడగొడుతుంది. ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు. పది మీటర్ల లోతు వరకు కొలిచే సెన్సర్‌తో అది దాదాపు 1.2 సెంటీమీటర్ల నీటికి సమానం. 12 బిట్లయితే 3 మిల్లీమీటర్లు. నది మీద అలలే అంతకన్నా ఎత్తు ఉంటాయి కనుక 10 బిట్లే చాలు.

ఇంటి కంప్యూటర్‌కు ఈ శక్తి కొత్తగా రాలేదు. 1981 నాటి బీబీసీ మైక్రోలోనే నాలుగు అనలాగ్ ఇన్‌పుట్లు ఉండేవి; 1984లో మొదలైన ‘క్లాస్’ అనే కంప్యూటర్ అక్షరాస్యత పథకం కింద మన దేశపు బడులకు వచ్చినవి ఆ యంత్రాలే. సౌండ్‌కార్డు సెకనుకు 44,100 నమూనాలు తీసుకోగలదు గానీ, దాని ఇన్‌పుట్‌లోని కెపాసిటర్ నిలకడ వోల్టేజీని ఆపేస్తుంది. ధ్వనికి పనికొస్తుంది, నదిమట్టానికి పనికిరాదు. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ రూపొందించిన ఎక్స్‌పైస్ పరికరం యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిసి, పైథాన్‌తో నడుస్తుంది. విద్యార్థులకు నేను ముందుగా సూచించేది దాన్నే.

నదికి నిమిషానికొక నమూనా సరిపోతుంది. ఇంటి కరెంటులోని 50 హెర్ట్జ్ తరంగాన్ని పట్టాలంటే మాత్రం సెకనుకు 100 కంటే ఎక్కువ కావాలి. తీగల్లోకి చొరబడే ఆ కరెంటు రొదను 20 మిల్లీసెకన్ల వ్యవధిలోని సగటు చాలావరకు తుడిచేస్తుంది.

చివరగా, వచ్చిన అంకెను నిజమైన మట్టంతో సరిచూడాలి. నీటిమట్టం చూపే గేజీ పలక మీద తక్కువ, ఎక్కువ మట్టాలు రెండు చదివి, వాటి వోల్టేజీల మధ్య సరళరేఖ గీస్తే మిగతా మట్టాలన్నీ దాని మీద పడతాయి. ఈ పని చేయకుండా తెర మీద ఎన్ని దశాంశాలు కనిపించినా విలువ లేదు.

ఇంటి కరెంటును ఈ ఇన్‌పుట్లకు ఎన్నడూ తగిలించకండి. గేట్ల దగ్గర నీటిలో దిగకండి. ఇంటి తొట్టితో మొదలుపెట్టండి.