నక్క వేరు... గుంటనక్క వేరు!

శంషాబాద్ విమానాశ్రయం దాటి బెంగళూరు హైవే మీద సాగిపోతే కొత్తూరు వస్తుంది. రోడ్డు పక్కన ఫ్యాక్టరీ షెడ్లు, వెంచర్ల హద్దురాళ్లు. దగ్గర్లోనే ఇన్ముల్‌నర్వలో జేపీ దర్గా. మొక్కు తీర్చుకోవడానికి మేకపోతులతో వచ్చి, కందూరు చేసుకుని వెళ్లే కుటుంబాలతో అక్కడ సందడే సందడి. వీటన్నిటి మధ్యా అక్కడక్కడా మిగిలిన ఎర్రమట్టి నేల, బండరాళ్ల గుట్టలు, తంగేడు, రేగు పొదలు. మన కంటికి అది ఉత్త బీడు. రెవెన్యూ లెక్కల్లోనూ చాలాచోట్ల బీడే. కానీ దక్కన్ పీఠభూమిలో ఇలాంటి బీళ్లే మూడు ప్రాణులకు ఇల్లు. నక్క, గుంటనక్క, తోడేలు!

ఒకే పేరు... మూడు ప్రాణులు

పొద్దుగూకాక పొదల్లోంచి ఏది పరుగెత్తినా 'అదిగో నక్క' అనేస్తాం. నిజానికి వీటి మధ్య నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది.

గుంటనక్క మరీ చిన్నది. రెండు నుంచి నాలుగు కిలోలు... అంటే దాదాపు ఇంట్లో పిల్లి అంత. సన్నటి కాళ్లు, పెద్ద చెవులు, గుబురు తోక, దాని చివర నల్లటి కుచ్చు. మైదానంలో బొరియలు తవ్వుకుని ఉంటుంది. ఎలుకలు, మిడతలు, తొండలు, రేగుపళ్లు దాని తిండి. నక్క ఎనిమిది నుంచి పదకొండు కిలోలు తూగుతుంది. వీపు మీద నలుపూ తెలుపూ కలిసిన వెంట్రుకలు, కాళ్ల దగ్గర తుప్పు రంగు. రాత్రిళ్లు ఊరి బయట కూతలు పెట్టేది ఇదే. తోడేలు వీటన్నిటికీ పెద్దన్న. ఇరవై కిలోల చొప్పున ఉంటుంది. గొర్రెల మందల వెంట తిరిగేది, గొల్లకురుమల నిద్ర చెడగొట్టేది అదే.

నేలను బట్టి రంగు

పులిని చూసి నక్క వాత పెట్టుకుందని సామెత. అసలు దానికి ఆ అవసరమే లేదు. రంగు నేలే ఇస్తుంది! మన తోడేలు ఎండుగడ్డి రంగులో, పొట్టి బొచ్చుతో ఉంటుంది. హిమాలయాల తోడేలు దీనికంటే పెద్దది, బొచ్చూ దట్టం. చలిలో పెద్ద ఒళ్లు వేడిని నిలుపుకుంటుంది, ఎండల్లో చిన్న ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. నక్కల్లోనూ అంతే. దక్షిణాదిన, శ్రీలంకలో ఉండేవాటి వీపు ఉత్తరాది నక్కల కంటే నల్లగా ఉంటుందని జంతుశాస్త్రవేత్తలు ఏనాడో గుర్తించారు.

'రోడ్ రన్నర్' కార్టూన్‌లో పక్షి వెంటపడి ప్రతిసారీ బోల్తాపడే బక్క జంతువు గుర్తుందా? అది కొయోటీ... అమెరికాలో మన నక్కకు వరసకు తమ్ముడు. ఎడారి కొయోటీ పది కిలోల చొప్పున, పాలిపోయిన రంగులో ఉంటుంది. ఈశాన్య రాష్ట్రాల్లో ఉండేది తోడేలు రక్తం కలవడంతో పదిహేను, ఇరవై కిలోల దాకా పెరుగుతుంది. రంగూ ముదురే. మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే డాలస్ శివారు ఫ్రిస్కోలో 2018లో కొయోటీలు మనుషుల మీద పడి కలకలం రేపాయి.

కొమ్ము లేని నక్కకు కొమ్ము

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కొయోటీని ఏడాది పొడవునా వేటాడొచ్చు. తుపాకులు, ఉచ్చులు, విషాలు... వందేళ్లకు పైగా అన్నీ ప్రయోగించారు. అయినా అది తగ్గలేదు సరికదా, దాదాపు ఖండమంతా పాకింది. కొన్ని చస్తే మిగిలినవి ఎక్కువ పిల్లల్ని పెట్టి లోటు భర్తీ చేస్తాయి.

మనవాటి కథ వేరు. ఇంగ్లిషు దొరలు నీలగిరిలో నక్కల వెంట వేటకుక్కల్ని పరుగెత్తించి వినోదించారు. తోడేలును చంపి తెస్తే బహుమతులిచ్చారు. ఆ కాలం పోయినా ఉచ్చులు పోలేదు. మందలో గొర్రె పోయిందన్న కోపంతో కళేబరానికి విషం పూస్తే, తోడేలుతోపాటు ఏ పాపం ఎరుగని గుంటనక్కా చస్తుంది. గొర్రె పోయినవాడి నష్టం నిజమే. కానీ ఆ శిక్ష పడేది ఎలుకలు తిని రైతుకు మేలు చేసేదానికి! ఇక 'నక్క కొమ్ము' దగ్గరుంటే సిరి కలిసొస్తుందన్న నమ్మకం ఇంకోటి. నక్కకు కొమ్మే ఉండదు. పుర్రె తోలుకు వెంట్రుకలు చుట్టి అమ్మేదాని కోసం ఓ ప్రాణం పోతుంది. ఈ మూడింటిలో దేన్ని వేటాడినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. జైలు తప్పదు.

వేట కంటే పెద్ద దెబ్బ ఇల్లు పోవడం. 2008 మార్చిలో మొదలైన విమానాశ్రయం ఒక్కటే దాదాపు 5,500 ఎకరాలు. దాని చుట్టూ రోడ్లు, గోదాములు, కాలనీలు. 2024 ఏప్రిల్ చివర్లో ఆ ప్రహరీలోకి చిరుత వస్తే బోన్లు పెట్టారు, మేకను ఎరవేశారు, రోజుల తరబడి కాపుకాసి పట్టుకున్నారు. టీవీల్లో అదే వార్త. అదే నేల మీద గుంటనక్క బొరియ పూడిపోతే వార్త కాదు. అడవికైతే అటవీశాఖ ఉంది. బీడుకు ఎవరున్నారు?

దేశం మొత్తమ్మీద తోడేళ్లు మూడు వేలకు అటూఇటూగా ఉంటాయని అంచనా. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డిభూముల్లాంటి కొద్దిచోట్లే వాటికి కాస్త నీడ. ఈసారి కొత్తూరు వైపు వెళ్తే, పొద్దువాలే వేళ పొదల్లోంచి ఏదైనా తొంగిచూస్తే ఓసారి తోక చివర గమనించండి. నల్లకుచ్చుతో పిల్లి అంత ఉందా, అది గుంటనక్క. పిల్లలకు చూపించండి. అదృష్టం కలిసొచ్చినవాణ్ని నక్క తోక తొక్కాడంటాం. తొక్కక్కర్లేదు... దూరం నుంచి చూడగలిగినా అదృష్టమే!