ఉపమార్గాలు – విశేష విధి

పదవీ విరమణానంతరం చింతలపూడిలో కూర్చుండి పద్యాలకొకటి, మాండలిక పదాలకొకటి, పూర్వవిద్యార్థుల చిరునామాలకొకటి – మూడు అప్లికేషన్లు సమకూర్చుకొన్నాను. ఉన్నది ఒక అద్దె సర్వరు, ఒకే డొమైను. కనుక /పద్యాలు/, /పదాలు/, /చిరునామాలు/ అనే ఉపమార్గాలలో వాటిని నిలుపదలచాను.

2004లో ఇగోర్ సిసొయెవ్ వెలువరించిన ఇంజిన్‌ఎక్స్ వెబ్ సర్వరు నియమాలు చదువుతుంటే నాకు వ్యాకరణమే గుర్తుకు వచ్చింది. సామాన్య విధిని విశేష విధి బాధించినట్లే, ఇందులో పొడవైన పూర్వభాగం పొట్టిదానిని తోసిరాజంటుంది. ‘/’ అన్నింటికీ వర్తించినా, ‘/పదాలు/’ తన అభ్యర్థనలను తానే పుచ్చుకొంటుంది. ప్రాక్సీ చిరునామా చివర స్లాష్ ఉంటే ఆ పూర్వభాగం లోపించి అప్లికేషనుకు చేరుతుంది. హోస్టు, పోర్టులతోనే ఆగితే యథాతథంగా పోతుంది. అప్లికేషనుకు కూడా దాని మూలమార్గం తెలుపవలె. లేకున్న అది వ్రాసే లంకెలు దారి తప్పుతాయి.

అయితే మిత్రులు గమనించవలసినది మరొకటి ఉన్నది. బ్రౌజరు ఒక స్థలాన్ని మరొకదానినుండి వేరుపరచేది ప్రోటోకాలు, హోస్టు పేరు, పోర్టులను బట్టి మాత్రమే. మార్గం లెక్కలోకి రాదు. పదాల పుటలో ఎవరైనా మోసపు స్క్రిప్టు చొప్పిస్తే, అది చిరునామాలకూ చేయి చాపగలదు. గదులు వేరైనంత మాత్రాన తాళాలు వేరు కావు.

అవి పిల్లలు నన్ను నమ్మి ఇచ్చిన ఫోను నంబర్లు. అందుచేత పద్యాలను, పదాలను ఉపమార్గాలలోనే ఉంచి, చిరునామాలను వేరే సబ్‌డొమైనుకు తరలించాను.