ఫ్లాష్‌కార్డుల గోడ

మా మేనకోడలు జీఆర్‌ఈకి చదువుతోంది. హాస్టల్ గదిలో గోడ నిండా ఫ్లాష్‌కార్డులే. విడిగా పదం అడిగితే ఠక్కున అర్థం చెప్తుంది, అదే వాక్యంలో పెడితే తెల్లమొహం!

ఆ పరీక్షలో యాంటనిమ్స్, అనాలజీలు 2011 ఆగస్టులోనే తీసేశారు. ఇప్పుడు పదాల పని పట్టేదంతా ఖాళీలున్న వాక్యాలే. సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే రకం ప్రశ్నల్లో ఆరు ఆప్షన్లలో సరైన రెండూ పట్టాలి, ఒక్కటే పడితే సున్నా.

అసలు కిటుకు ‘ఆల్దో’, ‘డిస్పైట్’ లాంటి చిన్న మాటల్లో ఉంది. ‘ఊరందరికీ దానాలు చేసినా, ఇంట్లో మాత్రం పరమ...’ అని ఆపితే, ఆ ఖాళీ పూరించడానికి మనకి డిక్షనరీ కావాలా? ఆ ‘చేసినా’లో ‘నా’యే సగం జవాబు చెప్పేస్తుంది. ఇంగ్లిష్‌లోనూ అంతే. ముందు ఖాళీకి సొంత మాట అనుకుని, తర్వాత ఆప్షన్లు చూడమన్నాను.

కోచింగుల వాళ్లు ఇంకా లిస్టులే బట్టీ పట్టిస్తున్నారట. ఏమిటో మరి!