కప్పి ఉంచడమేనా రక్షణ?

రక్షణ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి కొన్ని 'వద్దు'లు. చీకటి పడ్డాక వద్దు, వానలో వద్దు, ఒక్కదానివే వద్దు. అన్నీ ప్రేమతో చెప్పినవే. అయినా వాటి ఫలితం ఒక్కటే, మనం తిరిగే దూరం తగ్గిపోవడం. రక్షణకు ఇంకో అర్థం కూడా ఉందని నాకు తెలిసింది ఏ సిద్ధాంత గ్రంథంలోనూ కాదు. సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దదైన ఒక అల్యూమినియం డబ్బా దగ్గర.

నాకొక చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంది. 48 వోల్టులు, 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు దాటదు. లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేని తరగతి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితమే, కానీ మా ఇంటికీ బస్సు స్టాపుకీ మధ్య మూడు కిలోమీటర్ల దారి ఉంది. రాత్రి ఎనిమిది దాటితే ఆ దారిలోకి ఆటోలు రావు. ఆ మూడు కిలోమీటర్లు స్కూటర్ మోసింది కాబట్టే, డాక్టరేట్ తర్వాత కూడా సాయంత్రాలు లైబ్రరీలో కూర్చుని పని చేసుకోగలిగాను.

ఒక వానాకాలం సాయంత్రం అది నీళ్ళలో ఆగిపోయింది. నెడదామన్నా వెనక చక్రం ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు మొరాయించింది. మర్నాడు బండి చూసిన మెకానిక్, "మోటారు పోయింది మేడం, మొత్తం మార్చాలె. సార్‌ని పంపండి, ఆయనకు చెప్తా" అన్నాడు. అమ్మ మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "పోతే పోయిందిలేవే. ఇక నుంచి పెందలాడే ఇంటికి రా." ఇద్దరికీ నా మీద కోపం లేదు. పితృస్వామ్యం ఎప్పుడూ గద్దిస్తూనే రాదు, ఒక్కోసారి గొడుగు పట్టుకుని కూడా వస్తుంది.

ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే స్నేహితురాలొకామె వచ్చి, ఆ డబ్బా మూత నా చేతే తీయించింది. అదే కంట్రోలర్. హబ్ మోటారు చక్రం మధ్యలోనే ఉంటుంది. ఇరుసుకు తీగ చుట్టలు, చుట్టూ తిరిగే భాగానికి అయస్కాంతాలు. ఏ క్షణాన ఏ చుట్టకు కరెంటు పంపాలో మోటారులోని మూడు హాల్ సెన్సర్లు చెబుతాయి, కంట్రోలర్‌లోని మాస్‌ఫెట్‌లు పంపుతాయి. మోటారు నుంచి వచ్చే మూడు లావు తీగల్ని కంట్రోలర్ నుంచి విడదీయమంది. చక్రం హాయిగా తిరిగింది! పోయింది మోటారు కాదు. నీళ్ళు దిగి మాస్‌ఫెట్‌లు షార్టయి, ఆ మూడు తీగల్నీ లోపల కలిపేశాయి. చక్రం బిగుసుకున్నది అందుకే. ఈ పరీక్షకు పట్టింది ఐదు నిమిషాలు. "సార్‌ని పంపండి" అన్న మాట వెనక దాచిపెట్టినంత పెద్ద విద్యేమీ కాదు.

కోఠీ గుజరాతీ గల్లీలో కొత్త కంట్రోలర్ కొన్నాం. వోల్టేజీ, కరెంటు పరిమితి పాతదానితో సరిపోవాలి. బిగించే ముందు బ్యాటరీ తీసేసి, కెపాసిటర్లలో మిగిలిన చార్జి పోయేదాకా ఆగాలి. తీగల రంగులు రెండు వైపులా ఒకేలా ఉంటాయన్న హామీ లేదు. అందుకే మేం కొన్నదానిలో 'సెల్ఫ్ లెర్నింగ్' తీగలు రెండున్నాయి. చక్రం పైకెత్తి వాటిని కలిపితే, మోటారు వరస అదే తెలుసుకుంటుంది. వెనక్కి తిరిగితే విడదీసి మళ్ళీ కలపాలి.

అసలు పాఠం ఆ తర్వాత మొదలైంది. మళ్ళీ తడవకుండా డబ్బా మొత్తం పాలిథిన్ కవరుతో చుట్టేద్దామా అని అడిగాను. "చుడితే ఉడికి చస్తుంది" అంది తను. పనిచేసే కంట్రోలర్ వేడెక్కుతుంది, ఆ వేడి బయటికి పోవాలి. లోపల చేరిన చెమ్మా పోదు. అందుకని డబ్బాను ఇనుప ఫ్రేముకు ఆనించి, నీళ్ళు చిమ్మే చోటు నుంచి పైకి బిగించాం. తీగలు కిందికి వంగి మళ్ళీ పైకెక్కేలా కట్టాం. తీగ వెంట జారే నీళ్ళు ఆ వంపులో కారిపోతాయి. ఇరుసు దగ్గర తీగ రాసుకోకుండా తొడుగు వేశాం. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టాం. ఫ్యూజు మాస్‌ఫెట్‌ని కాపాడలేదు, అది అంతకంటే ముందే పోతుంది. కానీ తీగలు కాలి మంటలు లేవకుండా ఆపుతుంది. వీటిలో ఒక్కటి కూడా బండిని ఇంట్లో ఉంచడానికి కాదు, వానలో తిరగనివ్వడానికి.

తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం వేలమంది గ్రామీణ స్త్రీలకు అక్షరాలతోపాటు సైకిలూ నేర్పింది. లేడీస్ సైకిళ్ళు దొరక్కపోతే వాళ్ళు మగవాళ్ళ సైకిళ్ళే కొన్నారని పి. సాయినాథ్ రాశారు. చలనం స్త్రీల హక్కు అని చెప్పేటప్పుడు మనమంతా ఆ ఉదాహరణ ఇస్తాం. అయితే బండి మనదై, దాని మరమ్మతు జ్ఞానం ఇంకొకరిదైతే, మన ప్రయాణం ఎంతవరకు మనది? అది ఆగిన ప్రతిసారీ ఎవరో ఒక 'సార్' కావాలి, లేదా పెందలాడే ఇంటికి రావాలి.

మన కాలేజీల్లో స్త్రీల చలనం మీద సెమినార్లు పెడుతూనే ఉన్నాం. వాటి పక్కనే ఒక పూట స్క్రూడ్రైవరు, మల్టీమీటరు పట్టించే తరగతి కూడా పెడదాం. పాఠం చెప్పడానికి మనలోనే ఆడవాళ్ళున్నారు.