అమ్మీ మూడో చిల్లా

అమ్మీకి థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక, మిగిలిన కేన్సర్ కణాల కోసం అయోడిన్-131 ఇచ్చారు. ఒక్క గోలీ, 100 మిల్లీక్యూరీలు. దవాఖానాలో విడి గదిలో ఉంచి, పంపేటప్పుడు డాక్టర్ సాబ్ "రెండు వారాలు చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి" అన్నారు. మా ఇంట్లో తమ్ముడి బిడ్డ ఉంది. రెండేళ్లది. దాదీ చంక దిగదు.

నాకొచ్చింది కొట్టు హిసాబే. దాని అర్ధాయువు 8 రోజులట. అంటే 8 రోజుల్లో సగం, ఇంకో 8 రోజుల్లో మిగతా సగం, 16కి సాఫ్. అమ్మీకి అదే చెప్పి ఫికర్ పడొద్దన్నా.

"గలత్, అబ్బా" అంది ఇంటర్ చదువుతున్న నా కూతురు. "పోయేది ఉన్నదాంట్లో సగం. 16 రోజులకి సున్నా కాదు, 25. 24 రోజులకి పన్నెండున్నర."

మధ్యలో రోజులకైతే ఎలా? కాపీ తెరిచి రాసింది. 2కి సహజ లాగరిథమ్ 0.693. దాన్ని 8తో భాగిస్తే 0.0866, అదే రోజుకి క్షయ స్థిరాంకం. 14 రోజులతో గుణిస్తే 1.21. eని మైనస్ 1.21 ఘాతానికి ఎత్తితే 0.297. రెండు వారాలకి ఇంకా 30 మిల్లీక్యూరీలన్నమాట!

నా గుండె గుభేలుమంది. వెంటనే డాక్టర్ సాబ్‌కి ఫోన్ చేశా. ఆయన నవ్వారు. లెక్క సహీనే, కానీ అది మూత బిగించిన సీసాకి. మనిషి ఒళ్లు సీసా కాదు, గ్రంథి తీసేశాక మందులో ఎక్కువ భాగం మొదటి కొన్ని రోజుల్లోనే మూత్రంలో పోతుంది, అందుకే నీళ్లు బాగా తాగమన్నది, రెండు వారాలు చాలు అన్నారు.

అమ్మీ తలుపు వెనకనుంచి అంతా విన్నట్టుంది. "బేటా, 40 రోజులకి ఎంత మిగుల్తుంది?" అని అడిగింది.

"అయిదు సగాలు దాదీమా. ముప్పై రెండో వంతు. కాగితం మీద 3."

"అయితే చిల్లా కూర్చుంటా. మీ అబ్బాకొకటి, చిన్నాన్నకొకటి కూర్చోలేదా? డాక్టర్ హిసాబ్ డాక్టర్‌ది. పిల్ల మాది."

ఎంత చెప్పినా వినలేదు. పళ్లెం వేరు, చాదర్ వేరు. పిల్ల గడప అవతల కూర్చుని బంతి దొర్లించేది, అమ్మీ కాలితో వెనక్కి తోసేది.

పదిహేడో రోజు తెల్లారి చూస్తే పిల్ల పక్క ఖాళీ. అమ్మీ గదిలో, చాదర్ లోపల, దాదీ మెడ చుట్టూ చేతులేసి పడుకుంది. అమ్మీ మేలుకునే ఉంది. నన్ను చూసి కళ్లు మూసుకుంది.

నా కూతురు కాపీలో 17 దగ్గర వేలు పెట్టి చూపించింది. 23. తర్వాత కాపీ మూసేసి చాయ్ పెట్టడానికి వెళ్లింది.